కోనసీమ పిల్లల ప్రకృతి దృశ్య నమూనాలు

ప్రకృతి దృశ్య నమూనా అనగా ఇంట్లోను, పెరట్లోను, వీధిలోను దొరికే మామూలు వస్తువులతో ఒక ఊరిని గాని, ఏటిగట్టును గాని, పంట పొలాన్ని గాని చిన్న ప్రమాణంలో మలచిన శిల్పం. అగ్గిపెట్టెలు, కొబ్బరి ఈనెలు, చిప్పలు, ఇసుక, ఒండ్రు మట్టి, పాత వార్తాపత్రికలు, గాజు ముక్కలు వంటివి దీనికి సామగ్రి. గోదావరి డెల్టాలోని కోనసీమ ప్రాంతంలో (అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసరాలు) ఈ పని సంక్రాంతి బొమ్మల కొలువులలోను, పాఠశాల ప్రదర్శనలలోను, పిల్లల పెరటి ఆటలలోను కనిపిస్తుంది.

దీనిని పిల్లలకు నేర్పడంలో ప్రధాన ఉద్దేశం అందమైన బొమ్మను తయారు చేయించడం మాత్రమే కాదు. తాము నివసించే నేల ఎలా ఉన్నదో, నీరు ఎటునుండి వచ్చి ఎటు పోతున్నదో పిల్లలు కళ్ళతో చూసి, చేతులతో తెలుసుకోవడం. కోనసీమ వంటి పల్లపు ప్రాంతంలో ఈ తెలివిడి బ్రతుకుతెరువుకు, వరదల నుండి రక్షణకు కూడా సంబంధించినది.

## నేపథ్యం

ప్రకృతి దృశ్యం గీయమంటే చాలామంది పిల్లలు ఒకే బొమ్మ గీస్తారు. రెండు కొండలు, వాటి నడుమ ఉదయించే సూర్యుడు, కొండల మధ్య నుండి వంకరగా దిగివచ్చే నది, పక్కన ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు. కోనసీమ పిల్లలు కూడా తరచుగా ఇదే గీస్తారు. ఆ బొమ్మలోని కొబ్బరి చెట్టు తప్ప మిగిలిన అమరిక వారి ఊరిది కాదు. కోనసీమలో కొండలు లేవు. నది కొండల మధ్య నుండి దిగదు, పొలాల కంటె ఎత్తయిన గట్ల నడుమ పారుతుంది.

ఈ అలవాటు పాఠ్యపుస్తకాల బొమ్మల నుండి, క్యాలెండర్ల నుండి, ఒకరిని చూసి ఒకరు గీయడం నుండి వస్తుంది. కాగితం మీద గీసేటప్పుడు ఈ పొరపాటు బయటపడదు. నమూనా కట్టేటప్పుడు మాత్రం వెంటనే బయటపడుతుంది. ఎందుకంటే నమూనాలో ప్రతి వస్తువుకు ఒక చోటు, ఒక ఎత్తు ఉండవలెను. నీరు పోస్తే అది పల్లానికే పోతుంది. అందుచేత నేలను గురించి నేర్చుకోవడానికి చిత్రలేఖనం కంటె నమూనా కొన్ని విధాల ఎక్కువ ఉపయోగపడుతుంది.

## చరిత్ర

### తెలుగునాట

పిల్లలు మట్టితోను, ఇసుకతోను చిన్న రూపాలు చేయడం తెలుగునాట పూర్వం నుండి ఉన్నది. తడి ఇసుకలో పాదం ఉంచి పైన ఇసుక తట్టి, మెల్లగా పాదం తీసి పిచ్చుక గూళ్ళు కట్టడం అందరికీ తెలిసిన ఆట. ధనుర్మాసంలో ముగ్గుల మధ్య గొబ్బెమ్మలు పెట్టడం, భోగి మంటల కోసం ఆవు పేడతో చిన్న చిన్న పిడకలు చేసి దండలు గుచ్చడం పిల్లలు పెద్దల వద్ద నేర్చుకునే పనులు. కొబ్బరాకుతో బూరలు, చేతి గడియారాలు, పాములు, తాటాకుతో గిలకలు, తాటికాయలతో రెండు చక్రాల బండ్లు చేయడం గోదావరి జిల్లాల పిల్లలకు పరిచితమైన విద్య.

బొమ్మల కొలువు వీటన్నిటిలో ప్రకృతి దృశ్య నమూనాకు దగ్గరైనది. కోస్తా ఆంధ్రలో సంక్రాంతికి, కొన్ని ఇళ్ళలో దసరాకు కొలువు తీరుస్తారు. మెట్ల మీద దేవతల బొమ్మలు, కొండపల్లి బొమ్మలు అమర్చిన తరువాత కింద నేల మీద ఒక పల్లెటూరినో, తోటనో ఏర్పాటు చేయడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. ఇసుక పోసి, అద్దం ముక్కతో చెరువు చేసి, ముందుగా నాటిన ఆవాలు, మెంతులు మొలకెత్తగా వాటిని పొలంగా చూపిస్తారు. ఈ కింది భాగాన్ని ఎక్కువగా పిల్లలకే వదిలిపెడతారు. కృష్ణా తీరంలోని కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మలలో కూడా పల్లె జీవితపు దృశ్యాలు ప్రసిద్ధమైనవి. వాటి అతుకులకు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కును వాడతారు.

కోనసీమకు ప్రత్యేకమైనది ప్రభల తీర్థం. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి సమీపంలోని జగ్గన్నతోటలో పదకొండు గ్రామాల నుండి ఏకాదశ రుద్రుల ప్రభలు చేరుతాయి. వెదురుతో కట్టి, రంగు వస్త్రాలతో అలంకరించిన ఈ ప్రభలను భుజాల మీద మోస్తూ వరి చేల మీదుగా తీసుకువస్తారు. గంగలకుర్రు ప్రభలను కౌశిక నీటిలో దిగి దాటించడం చూడదగినది. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ప్రభల తీర్థాన్నే ప్రదర్శించింది. పెద్దల ప్రభలను చూసి పిల్లలు వెదురు బద్దలు, రంగు కాగితాలతో చిన్న ప్రభలు కట్టుకుంటారు. ఒక పెద్ద వస్తువును తగ్గించి, దాని పోలిక చెడకుండా మలచడం ఇక్కడి పిల్లలకు ఈ విధంగా పండుగలోనే అలవాటవుతుంది.

కొత్తపేట విగ్రహ శిల్పానికి పేరు పొందినది. శిల్పి డి. రాజ్‌కుమార్ వుడయార్ ఇక్కడి వారే. పెద్ద విగ్రహానికి కూడా ముందు మట్టితో నమూనా చేసి, దాని నుండి అచ్చు తీసి, తరువాత లోహంలో గాని ఇతర పదార్థంలో గాని పోత పోయడం ఈ వృత్తిలోని సాధారణ క్రమం. నమూనా అనేది పిల్లల ఆట మాత్రమే కాదని, శిల్పి పనికి అదే మొదటి మెట్టని పిల్లలకు చెప్పడానికి ఇది దగ్గరలోని ఉదాహరణ.

### ఇతర ప్రాంతాలలో

జపానులో పళ్ళెంలో ఇసుక, రాళ్ళు, నాచు మొదలైనవాటితో ప్రకృతి దృశ్యాన్ని అమర్చే బోన్‌కెయి అనే కళ ఉన్నది. చైనాలో ఇటువంటిదే పెన్‌జింగ్. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో శిశు విద్యాలయం ప్రారంభించి, చెక్క దిమ్మెలు, బంతులు, కర్ర పుల్లల వంటి వస్తువుల ద్వారా పిల్లలకు ఆకారాలను పరిచయం చేశాడు. మన దేశంలో 1937లో వార్ధా సమావేశంలో రూపుదిద్దుకున్న గాంధీజీ నయీ తాలీం చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపింది. శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ 1938లో సంతాలు కుటుంబం శిల్పాన్ని సిమెంటుతోను, అక్కడి ఎర్ర గులక మట్టితోను ఆరుబయట నిర్మించాడు. శిల్పానికి పాలరాయో, కంచో అక్కరలేదని, కాళ్ళ కింది నేల చాలునని దీనివలన తెలుస్తుంది.

చండీగఢ్‌లో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ (1924-2015) పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, పాత నిర్మాణ సామగ్రితో 1957 ప్రాంతంలో ఒక అడవి చోటులో తోటను మలచడం ప్రారంభించాడు. అదే 1976లో ప్రజల సందర్శనకు తెరచిన రాక్ గార్డెన్. పారవేసిన వస్తువులతో విజ్ఞాన బొమ్మలు చేయించడంలో అరవింద్ గుప్తా (పద్మశ్రీ, 2018) దేశమంతటా ప్రసిద్ధుడు.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 కళలను పాఠశాల చదువులో అంతర్భాగం చేయవలెనని సూచించింది. జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుండి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజుల సంచి లేని బడిని ప్రతిపాదించింది. ప్రకృతి దృశ్య నమూనాల పనికి ఇటువంటి రోజులు అనువుగా ఉంటాయి.

## కోనసీమ నేల స్వరూపం

నమూనా చేయించే ఉపాధ్యాయుడు ముందుగా తెలుసుకోవలసినది నేల స్వరూపం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. ఈ రెండింటి నడుమ, సముద్రం వరకు ఉన్న భూభాగమే సంప్రదాయంగా కోనసీమ. వసిష్ఠ నుండి చీలిన వైనతేయ పాయ దీనిని మళ్ళీ రెండుగా విడదీస్తుంది. అమలాపురం వైపు భూమి ఒకటి, రాజోలు వైపు భూమి మరొకటి. వసిష్ఠ అంతర్వేది వద్ద, వైనతేయ ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తాయి. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. ఆ సంవత్సరమే దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని పేరు మార్చారు.

ఈ నేలలో ఎత్తుపల్లాలు కంటికి సులువుగా ఆనవు. అయితే అవి ఉన్నాయి. నది పొంగినప్పుడెల్లా ఒండ్రు ముందుగా ఒడ్డున పడుతుంది. అందువలన నది పక్కన నేల కొంచెం ఎత్తుగాను, రెండు పాయల మధ్యభాగం పల్లంగాను ఏర్పడుతుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణమైన తరువాత ఈ స్వభావాన్ని అనుసరించే కాలువలు తవ్వారు. సాగునీటి కాలువ ఎత్తయిన నేల మీదుగా నడుస్తుంది. దాని నుండి నీరు తూముల ద్వారా బోదెలలోకి, బోదెల నుండి చేలలోకి తనంత తాను దిగుతుంది. చేలలో మిగిలిన నీరు పల్లంలోని మురుగు కాలువకు చేరి, దాని ద్వారా నదికో సముద్రానికో పోతుంది. సాగునీటి కాలువ ఎత్తున, మురుగు కాలువ పల్లాన ఉండడమే ఈ సీమ కట్టుబడిలోని అసలు సూత్రం.

## సామగ్రి

కొనవలసిన వస్తువు ఏదీ లేకుండా పని సాగించడం మంచి పద్ధతి. కోనసీమలో సులువుగా దొరికేవి ఇవి:

* పీఠం: పాత పళ్ళెం, రేకు, ప్లాస్టిక్ టబ్బు, మామిడిపళ్ళ పెట్టె అడుగు. నీరు పోసే నమూనాకు అట్టపెట్టె పనికిరాదు.
* నేల: చెరువు మట్టి, ఒండ్రు మట్టి, ఇసుక. మట్టికి కొబ్బరి పొట్టు కలిపితే ఎండినప్పుడు పగుళ్ళు తగ్గుతాయి.
* చెట్లు: మూడు నాలుగు కొబ్బరి ఈనెలు దారంతో కట్టి, పైన సన్నగా చీల్చిన ఆకు గుచ్చితే కొబ్బరి చెట్టు. ఎండిన తులసి కొమ్మలు, పీచు తురుము ఇతర చెట్లకు పనికివస్తాయి.
* ఇళ్ళు: అగ్గిపెట్టెలు. పైకప్పుకు ఎండిన అరటి దొప్ప, తాటాకు ముక్క, లేదా పెంకు రంగు కాగితం.
* పొలం: చోళ్ళు (రాగులు), ఆవాలు, మెంతులు. ఒక రాత్రి నానబెట్టి, ఒక రోజు తడిగుడ్డలో కట్టి ఉంచి, తరువాత తడి మట్టి మీద చల్లితే సుమారు వారం రోజులలో పచ్చని చేను కనిపిస్తుంది.
* పడవలు: కొబ్బరి డొక్క ముక్క, అరటి దొప్ప. మార్గశిరంలో పోలి స్వర్గం నాడు అరటి దొప్పలలో దీపాలు వదలడం చూసిన పిల్లలకు దొప్ప తేలుతుందని వేరుగా చెప్పనక్కరలేదు.
* వంతెనలు, కమానులు: సగానికి కోసిన ప్లాస్టిక్ గాజులు, సగానికి చీల్చిన వెదురు బొంగు.
* గుజ్జు: పాత పత్రికలను రెండు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రుబ్బిన ముద్ద. చేటలకు, బుట్టలకు పూత పూయడానికి ఇళ్ళలో వాడిన ముద్ద ఇదే. ఆరిన తరువాత గట్టిపడుతుంది.
* జిగురు: ఉడికించిన మైదా జిగురు, లేదా చింతగింజల జిగురు.

పగిలిన గాజు, పదునైన రేకు చిన్న పిల్లల చేతికి ఇవ్వరాదు. ఈనెలు చీల్చడం, కత్తితో కోయడం పెద్దల సమక్షంలోనే జరగవలెను.

## బోధనా క్రమం

### నడక

పని తరగతి గదిలో కాక వీధిలో ప్రారంభం కావలెను. పిల్లలను ఒక చిన్న దారి వెంట, ఉదాహరణకు బడి నుండి కాలువ వంతెన వరకు, నడిపిస్తారు. కాలువల వద్ద, గట్ల మీద పిల్లలతో తగినంత మంది పెద్దలు ఉండవలెను. నడకలో మూడు ప్రశ్నలు చాలును. ఇక్కడ ఎత్తుగా ఉన్నది ఏది? నీరు ఎటు పోతున్నది? ఈ వస్తువు ఇక్కడే ఎందుకు ఉన్నది? సమాధానాలు ఉపాధ్యాయుడు చెప్పడు. పిల్లలు చూసి చెబుతారు. కాలువలో ఒక ఎండుటాకు వేస్తే ప్రవాహం దిశ తెలుస్తుంది.

### ఎంపిక

చూసినదంతా చేయబూనితే పని చెడుతుంది. నలుగురైదుగురు పిల్లల జట్టు ఒక చోటును మాత్రమే ఎంచుకోవలెను. ఒక రేవు, ఒక తూము, ఒక ఇల్లు, దాని పెరడు.

### నేల మలచడం

ఇళ్ళు, చెట్లు, మనుషులు తరువాత. మొదటి రోజు నేల మాత్రమే చేయవలెను. పళ్ళెంలో తడి మట్టి పరచి, గట్లు పోసి, కాలువలు గీస్తారు. ఈ దశలో చాలామంది పిల్లలు సాగునీటి కాలువను అన్నిటికంటె లోతుగా తవ్వుతారు. కాలువ అంటే గొయ్యి అనే అభిప్రాయమే దీనికి కారణం. ఉపాధ్యాయుడు దీనిని అప్పుడే సరిదిద్దరాదు.

### నీటి పరీక్ష

మట్టి కొంచెం ఆరిన తరువాత కాలువ మొదట్లో ఒక గ్లాసు నీరు మెల్లగా పోస్తారు. లోతుగా తవ్విన కాలువలో నీరు నిలిచిపోతుంది, చేనుకు ఎక్కదు. పిల్లలు చేటతోనో చేతితోనో నీరు తోడి పోయవలసి వస్తుంది. అప్పుడు కాలువ ఎత్తున ఉండవలెనని వారంతట వారే చెబుతారు. కాలువను ఎత్తు చేసి మళ్ళీ పోస్తే మొదటి చేలు మునుగుతాయి, చివరి చేలకు నీరు చేరదు. శివారు భూముల రైతుల కష్టం ఇదే. తూములు అమర్చి, పంపకం సరిచేసిన తరువాత మరొక ప్రశ్న వస్తుంది. చేలలో నిలిచిన నీరు ఎటు పోవలెను? మురుగు కాలువ లేని నమూనాలో మొలకలు కొద్ది రోజులలో కుళ్ళిపోతాయి.

ఈ పరీక్షయే మొత్తం పనికి కీలకం. నమూనా తప్పయితే ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు, నీరే చెబుతుంది.

### అమరిక, మాట్లాడించడం

నేల సరిపడిన తరువాత ఇళ్ళు, చెట్లు, పడవలు అమరుస్తారు. చివరిగా ప్రతి జట్టు తన నమూనాను గురించి నాలుగు మాటలు చెప్పవలెను. చూడవచ్చినవారిలో రైతులు, కాలువ లస్కర్లు, పడవ నడిపేవారు ఉంటే మరింత మంచిది. వారు చూపించే తప్పులు పుస్తకంలో దొరకవు.

## కొలత

పిల్లల నమూనాలలో మనిషి ఇంటి కంటె పొడవుగా, కొబ్బరి చెట్టు మనిషి కంటె కొంచెమే ఎత్తుగా కనిపించడం సాధారణం. దీనికి ఒక సులువైన కొలత ఉన్నది. ఒక మీటరుకు ఒక సెంటీమీటరు అనుకుంటే అగ్గిపెట్టె (సుమారు 5 సెం.మీ. పొడవు, 3.5 సెం.మీ. వెడల్పు) ఒక చిన్న ఇంటికి సరిపోతుంది. దాని ఎత్తు 1.5 సెం.మీ. మాత్రమే కాబట్టి రెండు పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఉంచవలెను. మనిషి ఎత్తు సుమారు 1.6 సెం.మీ., అనగా అగ్గిపుల్లలో సగానికి లోపు. ఇక్కడి పొడుగు రకం కొబ్బరి చెట్టు 15 నుండి 20 సెం.మీ. ఉండవలెను. చెట్టును ఇంటిపక్కన నిలిపినప్పుడు దాని నిజమైన ఎత్తు పిల్లలకు మొదటిసారిగా తెలిసివస్తుంది.

ఇదే కొలతతో నదిని చేయబోతే చిక్కు వస్తుంది. ఒక కిలోమీటరు వెడల్పున్న పాయ ఈ లెక్కన 10 మీటర్లవుతుంది. తరగతి గది కూడా చాలదు. అప్పుడు పిల్లలు రెండు మార్గాలలో ఒకటి ఎంచుకోవలెను. నదిలో ఒక ఒడ్డును మాత్రమే చూపడం ఒకటి. కొలతను బాగా తగ్గించి ఇళ్ళను ఆవగింజలుగా చేయడం మరొకటి. పటంలో స్కేలు ఎందుకు ఉంటుందో ఎన్ని పాఠాలు చెప్పినా అర్థం కాని పిల్లవానికి ఈ చిక్కుతో అర్థమవుతుంది.

## కోనసీమకు తగిన నమూనాలు

### లంక, ఏటిగట్టు

నది మధ్య ఒండ్రుతో ఏర్పడిన దీవి లంక. గట్టుకు లోపలి వైపు ఉన్న ఊరు, వెలుపల ఉన్న లంక, ఈ రెండింటి తేడాను చూపడం ఈ నమూనా లక్ష్యం. టబ్బులో మట్టి గట్టు పోసి, ఒక వైపు ఊరు, మరొక వైపు ఇసుక లంక ఉంచి, లంక వైపు మెల్లగా నీరు పెంచుతారు. ముందుగా లంక మునుగుతుంది. గట్టు మీద వేలితో చిన్న గాడి చేస్తే కొద్దిసేపటిలో అది పెద్దదై గండి పడుతుంది. 1986 ఆగస్టు వరద గోదావరి వరదలలో అతి పెద్దదిగా నమోదైనది. 2022 జూలైలో కూడా లంక గ్రామాలు మునిగాయి. ఈ వరదలను గురించి ఇంట్లోని పెద్దలను అడిగి రమ్మని పిల్లలకు చెప్పవచ్చును. నీరు ఎంతవరకు వచ్చిందో వారు చేతితో చూపిస్తే, పిల్లలు ఆ ఎత్తును నమూనాలో సున్నం గీతతో గుర్తిస్తారు. ఇసుక ఒడ్డుకు నీరు తగిలిన చోట అంచు విరిగి పడడం కూడా కనిపిస్తుంది. లంక భూములు కోతకు గురికావడం ఇదే విధంగా జరుగుతుంది.

### గన్నవరం అక్విడక్టు

నది మీదుగా కాలువను దాటించే వంతెనను అక్విడక్టు అంటారు. పి.గన్నవరం వద్ద వైనతేయ పాయ మీద 19వ శతాబ్ది మధ్యభాగంలో కమానుల మీద కట్టిన పాత అక్విడక్టు రాజోలు ప్రాంతానికి సాగునీరు అందించింది. దాని సరసన నిర్మించిన కొత్త అక్విడక్టుకు, అన్నదానానికి పేరు పొందిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరు పెట్టారు. సగానికి కోసిన ప్లాస్టిక్ గాజులను వరుసగా నిలిపి, వాటిపై సగం చీల్చిన వెదురు బొంగును పెడితే నమూనా సిద్ధమవుతుంది. కింద ఒక నీరు, పైన ఒక నీరు, రెండూ కలవకుండా పారడం చిన్న పిల్లలకు ఎంతో వింతగా ఉంటుంది. బొంగుకు వాలు సరిగా లేకపోతే నీరు వెనుకకు వస్తుంది.

### తుపాను తరువాతి తోట

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరి తోటలు పెద్ద ఎత్తున నేలకూలాయి. ఈ నమూనాలో చెట్లను ఒకే దిశగా వాల్చి, గాలి ఎటునుండి వీచిందో చూపుతారు. విషాదకరమైన విషయం కాబట్టి పై తరగతుల పిల్లలతోనే చేయించడం మంచిది. ఊరిలో గట్టి భవనం ఏది, ఎత్తయిన చోటు ఏది, తుపాను హెచ్చరిక వస్తే ఎటు పోవలెను అనే ప్రశ్నలతో దీనిని ముగించవలెను.

### రేవు

కోటిపల్లి - ముక్తేశ్వరం వంటి రేవులలో పడవ, పంటు దాటే దృశ్యం అన్ని వయసుల పిల్లలకు తగినది. గట్టు నుండి రేవుకు దిగే వాలు, నీరు తగ్గినప్పుడు తేలే ఇసుక మేట, చెట్టు కింద కాకా హోటలు ఇందులో చూపవచ్చును.

## వయసును బట్టి

* ఐదు నుండి ఏడు సంవత్సరాలు: ఇసుక, నీరు, ఆకులతో స్వేచ్ఛగా ఆడనివ్వడం. కొలతలు అక్కరలేదు.
* ఎనిమిది నుండి పది: ఒక ఇల్లు, పెరడు, బోదె. నీటి పరీక్ష ప్రారంభించవచ్చును.
* పదకొండు నుండి పదమూడు: కొలతతో ఊరి నమూనా. కాలువ, మురుగు కాలువ రెండూ ఉండవలెను.
* పద్నాలుగు పైబడినవారు: డెల్టా మొత్తం, మూడు పాయలు, సముద్రపు పోటు, ఉప్పునీరు పైకి రావడం వంటి అంశాలు.

## సాధారణ లోపాలు

పోటీల కోసం తయారయ్యే నమూనాలలో పిల్లల చేతిపని కంటె తల్లిదండ్రుల పని ఎక్కువగా కనిపించడం మొదటి లోపం. దుకాణంలో కొన్న ప్లాస్టిక్ చెట్లు, థర్మోకోల్ పలకలు, మెరిసే కాగితాలు రెండవది. ఇవి చూపుకు బాగుంటాయి, కాని నీటి పరీక్షకు నిలవవు. పని ముగిసిన తరువాత కాలువలోనే పడి నీటికి అడ్డమవుతాయి. మట్టి, ఈనెలు, పీచుతో చేసిన నమూనాను పెరట్లో కలిపివేస్తే తిరిగి నేల అవుతుంది.

మార్కుల కోసం అన్ని జట్ల చేత ఒకే నమూనా చేయించడం మూడవ లోపం. పిల్లవాడు తన నడకలో చూసిన వస్తువు ఒక్కటైనా నమూనాలో ఉన్నదా, అది సరైన చోట ఉన్నదా, దానిని గురించి అతడు చెప్పగలడా అన్నవి పరిశీలిస్తే చాలును. అందానికి వేరుగా మార్కులు అక్కరలేదు.

## ప్రాధాన్యం

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు మురుగు నీటి పారుదల సరిగా లేకపోవడం కూడా చర్చకు వచ్చిన కారణాలలో ఒకటి. వరి చేలు కొన్నిచోట్ల చేపల, రొయ్యల చెరువులుగా మారాయి. మురుగు కాలువలు పూడుకుపోవడం, గట్లు బలహీనపడడం, లంకలు కోసుకుపోవడం ఈ సీమ ప్రజలు ప్రతి వర్షాకాలం ఎదుర్కొనే సమస్యలు. వీటిలో చాలా భాగం నీరు పల్లానికి పోతుందనే చిన్న విషయానికి సంబంధించినవే.

పళ్ళెంలో మురుగు కాలువను పూడ్చి, తన మొలకలు కుళ్ళిపోవడం చూసిన పిల్లవాడు ఊరి మురుగు కాలువలో చెత్త వేయడానికి వెనుకాడతాడని ఉపాధ్యాయులు ఆశిస్తారు. అంతకంటె ముందు జరిగే మార్పు ఒకటి ఉన్నది. ఈ పని చేసిన తరువాత అదే పిల్లవానిని మళ్ళీ ప్రకృతి దృశ్యం గీయమంటే, రెండు కొండల బదులు ఒక ఏటిగట్టు, దాని పక్కన ఒక తూము, దూరంగా కొబ్బరి తలలు గీసే అవకాశం ఉన్నది. తన ఊరు కూడా గీయదగినదేనని అప్పుడు అతనికి తెలిసినట్లు లెక్క.

## ఇవి కూడా చూడండి

* బొమ్మల కొలువు
* కొండపల్లి బొమ్మలు
* జగ్గన్నతోట ప్రభల తీర్థం
* ధవళేశ్వరం ఆనకట్ట
* డొక్కా సీతమ్మ
* గోదావరి నది